నీచు వాసన

పిల్లలకి ఆలోచించడం ఎలా నేర్పాలో చెప్పడానికి ఆ జూలైలో నూటపది మంది టీచర్లని రెండు రోజులపాటు రాంచీ వైపున్న ఉక్కు కర్మాగారాల ఊళ్ళో, సాక్చీలో ఒక హాల్లో కూర్చోబెట్టారు. కుసుమ మూడో వరసలో కూర్చుంది. ఆవిడ బర్మామైన్స్‌లో రైలు పట్టాల పక్కనున్న ప్రభుత్వ మిడిల్ స్కూల్లో సైన్సు టీచరు. పదహారేళ్ళ సర్వీసులో ఇలాంటి ట్రైనింగులు చాలా చూసింది గానీ, ఈసారి ఎందుకో కాస్త ఆశపడింది. కార్యక్రమం పేరు 'నయా సవాల్'. హిందీలో సవాల్ అంటే ప్రశ్న కదా, కొత్త ప్రశ్న అన్నమాట. వారానికి రెండు పీరియడ్లు పుస్తకం మూసేసి పిల్లల చేత ప్రశ్నలు అడిగించాలి. జవాబులు వాళ్ళనే వెతుక్కోనివ్వాలి. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి కోరుకున్నది అదే.

మైకు పట్టుకున్నాయన ఆపకుండా మాట్లాడాడు. మొదటి రోజు పదకొండింటికి వెనకనుంచి ఒక టీచరు చెయ్యెత్తితే, "ప్రశ్నలు చివర్లో" అన్నాడు. రెండో రోజు సాయంత్రం ఆ 'చివర' వచ్చేసరికి గ్రూప్ ఫోటోకి టైమైపోయింది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భర్త ఈశ్వర్ నవ్వాడు. ఆయన ట్రక్కుల కర్మాగారంలో ఇంజనీరు, కాపురం టెల్కో కాలనీ క్వార్టర్లో.

"మా దగ్గరా అంతే. సేఫ్టీ క్లాసుకి లేటవుతోందని పరిగెత్తి ఒకాయన మెట్ల మీంచి పడ్డాడు."

కుసుమ కూడా నవ్వింది. అప్పటికి నవ్వడానికి వీలుగానే ఉంది.

ఏడో తరగతిలో ముప్ఫై ఒక్కమంది. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. "ప్రశ్న అడగండి" అంటే, "పుస్తకంలో ఎన్నో పేజీ మేడమ్?" అన్నారు. ఆరేళ్ళుగా జవాబులు కాపీ చేయడమే చదువని నేర్పాం, ఇప్పుడు ఒక్కసారిగా అడగమంటే ఎక్కణ్ణుంచి అడుగుతారు?

మూడో వారం త్రివేణి లేచింది. ఆ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే పోలమ్మ కూతురు. సన్నగా ఉంటుంది. ఇంట్లో తల్లి తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చే పిల్ల. క్లాసులో అయితే అందరికీ హిందీయే.

"మేడమ్, చెమట ఉప్పగా ఉంటుంది. కన్నీళ్ళూ ఉప్పగా ఉంటాయి. ఉమ్మి ఎందుకు ఉప్పగా ఉండదు?"

క్లాసంతా ఘొల్లుమంది. కుసుమ మాత్రం బోర్డు దగ్గర అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళలో తనకెప్పుడూ ఆ అనుమానం రాలేదు.

"నాకు తెలీదు త్రివేణీ. వెతుకుదాం" అంది.

నవ్వు ఆగిపోయింది. టీచరు 'నాకు తెలీదు' అనడం ఆ పిల్లలు వినడం అదే మొదలు. ఆ వారంలోనే ఇంకో పదకొండుమంది ప్రశ్నలు అడిగారు.

అయితే కార్యక్రమానికి ఒక యాప్ ఉంది. ప్రతి తరగతి నుంచి వారానికి ఇరవై ప్రశ్నలు, పిల్లల చేతిరాతలో, ఫోటో తీసి ఎక్కించాలి. లేకపోతే స్కూలు పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. హెడ్‌మాస్టరు చంద్రశేఖర్‌కి ఆ చుక్కంటే హడలు. కుసుమలాగే ఆయనదీ మూలం ఇచ్ఛాపురం వైపే కాబట్టి కుసుమతో తెలుగులోనే మాట్లాడతాడు. ఒకరోజు ఆవిణ్ణి పిలిచి ఫోను చూపించాడు. రెండువందల ప్రశ్నలు, వాటికి జవాబులు, ఎవరో పంపిన ఫైలు. చెట్లు మాట్లాడగలిగితే ఏం చెబుతాయి? నువ్వు మేఘానివైతే ఎక్కడ కురుస్తావు? అన్నీ ఇలాంటివే.

"ఇవి రాయించి ఎక్కించెయ్యండి మేడమ్. మీ పిల్లలు అడిగే ఉమ్ములూ చెమటలూ పైకి పంపితే బాగుండదు."

"పిల్లలే అడగాలి కదా సార్."

"అడిగినట్టే ఉంటుంది. అక్కడక్కడా ఒకటో రెండో తప్పులు ఉండనివ్వండి. మరీ శుభ్రంగా ఉంటే అనుమానం వస్తుంది."

పిల్లల తప్పుల్ని కూడా మనమే తయారుచేసి పెట్టాలా అనుకుంది కుసుమ. అయినా శనివారం శనివారం రాయించింది. హిందీలో చెట్టుకి 'పేడ్' అని సరిగ్గా రాసిన పిల్లని పిలిచి అక్షరం కింద చుక్క తీసెయ్యమంది. ఆ పిల్ల అయోమయంగా చూసి తీసేసింది. మిగతా రోజుల్లో అసలు పాఠం చెబుతున్నాను కదా అని సర్దిచెప్పుకుంది. మన మనసుని ఒప్పించడమంత తేలిక ఇంకొకటి లేదు.

ఆగస్టులో వానలు ముదిరాక పిల్లలు నీళ్ళు వాసనొస్తున్నాయనడం మొదలెట్టారు. స్కూలు డాబా మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, కింద నాలుగు కుళాయిలు. పిల్లలు తాగేది అవే. టీచర్లందరూ ఇంటి నుంచి బాటిళ్ళు తెచ్చుకుంటారు. కుసుమ కూడా అంతే. ఆ స్కూల్లో ఆరేళ్ళున్నా ఆ కుళాయి నీళ్ళు ఒక్కసారీ నోట్లో పోసుకోలేదని ఆవిడకి త్రివేణి అడిగినరోజే తట్టింది.

"మేడమ్, నీళ్ళకి వాసన ఎందుకొస్తోంది? ఇది కూడా ప్రశ్నే కదా?"

కుసుమ వెళ్ళి దోసిట్లో పట్టింది. ముక్కు దగ్గరికి రాకుండానే తెలిసిపోయింది. చేపల బజారు కడిగిన నీళ్ళలాంటి నీచు వాసన. నాలిక్కి తగిలించి ఊసేసింది. ఎన్నిసార్లు పుక్కిలించినా మధ్యాహ్నం దాకా ఆ రుచి పోలేదు. అదే కుళాయి కింద మూడో తరగతి పిల్లలు వరసగా వంగి, దోసిళ్ళతో గటగటా తాగుతున్నారు.

ఆ మాట హెడ్‌మాస్టరుకి చెబితే, "వానాకాలం నీళ్ళు ఎక్కడైనా అలాగే ఉంటాయి. పోయిన నెల బ్లీచింగ్ వేయించాను" అన్నాడు.

కుసుమ క్లాసుకొచ్చి బోర్డు మీద ఆ ప్రశ్న రాసింది. "ఎలా కనుక్కుందాం?"

అప్పుడు చూడాలి ఆ పిల్లల్ని! గంటసేపు వాదించుకున్నారు. కుళాయికి తెల్లగుడ్డ కట్టి చూద్దామన్నారు. ఎవరెవరికి కడుపునొప్పి వచ్చిందో అడుగుదామన్నారు. త్రివేణి అట్టముక్క మీద గళ్ళు గీసింది. ఒకవైపు కుళాయి నీళ్ళు తాగేవాళ్ళు, రెండోవైపు ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకునేవాళ్ళు.

గురువారం కట్టిన గుడ్డ శనివారం విప్పారు. జిగటగా బూడిదరంగు పొర. అందులో ఈక మొన ఒకటి. దారప్పోగులా తెల్లగా ఏదో ఉందనుకుంటే అది మెలికలు తిరిగింది. ముందు బెంచీ పిల్ల బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది.

సోమవారానికి త్రివేణి లెక్క పూర్తిచేసింది. కుళాయి నీళ్ళు తాగేవాళ్ళు పంతొమ్మిది, అందులో కడుపు పాడైనవాళ్ళు ఎనిమిది. బాటిల్ వాళ్ళు పన్నెండు, అందులో ఒక్కరు.

"ఆ ఒక్కరికీ ఎందుకొచ్చింది?" అని కుసుమ పరీక్షగా అడిగింది.

"అడిగాను మేడమ్. ఆ రోజు బాటిల్ మర్చిపోయిందట. కుళాయి దగ్గరే తాగింది."

"మధ్యాహ్నం భోజనం వల్ల కాదని ఎలా చెప్పగలవు?"

"అందరం ఒకే అన్నం తింటున్నాం కదా మేడమ్. అన్నం వల్లయితే బాటిల్ వాళ్ళకీ రావాలి."

కుసుమకి కళ్ళు చెమర్చాయి. ఆ హాల్లో రెండు రోజులు మైకులో చెప్పిన మాటలన్నిటికీ అర్థం ఆ అట్టముక్క మీద ఉంది. పన్నెండేళ్ళ పిల్ల గీసిన వంకర గళ్ళలో.

అట్టముక్కా, పాలిథిన్ సంచిలో గుడ్డా తీసుకుని హెడ్‌మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"అరే మేడమ్, ఈ కంపు నా టేబులు మీద పెడతారేంటి? తియ్యండి, తియ్యండి!"

"పిల్లలు ఇదే తాగుతున్నారు సార్."

"నేను కాదన్నానా? కానీ గురువారం రాంచీ నుంచి నయా సవాల్ టీమ్ వస్తోంది. ఇప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే రెండు రోజులు బాత్‌రూముల్లో చుక్క నీళ్ళుండవు. వచ్చినవాళ్ళ ముందు పరువేం కావాలి? శుక్రవారం కడిగిస్తాను. మూడు రోజులే కదా."

"మూడు రోజులు..."

"తాగొద్దని చెప్పండి పిల్లలకి." కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "ఇది యాప్‌లో ఎక్కించలేదు కదా?"

"లేదు."

"మంచిపని చేశారు. ఆ వంటామె కూతురు బాగా మాట్లాడుతుంది కదా, దాని చేత చెట్ల ప్రశ్న చెప్పించండి. చక్కగా ఉంటుంది."

కుసుమ అట్టముక్కా సంచీ తీసుకుని క్లాసుకి వచ్చేసింది. తన క్లాసు పిల్లలకి కుళాయి దగ్గరికి వెళ్ళొద్దని చెప్పింది. స్టాఫ్‌రూములో మిగతా టీచర్లకీ చెప్పింది. మూడో తరగతి టీచరు, "చెబితే వింటారా వాళ్ళు? దాహమేస్తే ఎక్కడో అక్కడ తాగుతారు" అని నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. కుళాయి దగ్గరే నిలబడి అడ్డుకోవచ్చు. ఒక తాడు కట్టి ఆపెయ్యొచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. చంద్రశేఖర్ చూస్తే బాగుండదని ఊరుకుంది.

పైగా త్రివేణికి చెట్ల ప్రశ్న బట్టీ పట్టించింది.

"నా ప్రశ్న చెప్పకూడదా మేడమ్?"

"ఇప్పుడు కాదమ్మా. శుక్రవారం ట్యాంకు కడుగుతారు. అందుకోసమైనా ఊరుకో."

"కడిగాక అడిగితే ఏం లాభం?" అంది త్రివేణి. కుసుమ అట్టముక్కని బల్ల సొరుగులో పెట్టేసింది. "చెప్పింది చెయ్యి" అంది. పదహారేళ్ళుగా పిల్లలతో అలవాటైన మాటే అది. ఆ రోజు మాత్రం అన్నాక నోరంతా చేదయింది.

గురువారం టీమ్ వచ్చింది. వాకిట్లో ముగ్గు, మెడల్లో దండలు, టేబులు మీద మూత విప్పని మంచినీళ్ళ బాటిళ్ళు ఆరు. టీమ్‌కి పెద్ద మైత్రి. ముప్ఫయ్యేళ్ళుండవు. తెలుగువాళ్ళ పిల్లే. కుసుమ పేరు వినగానే, "మాదీ శ్రీకాకుళమే మేడమ్, నాన్నగారు రాంచీలో స్థిరపడ్డారు" అని చనువుగా మాట్లాడింది. కళ్ళల్లో తెలివి ఉంది.

ఏడో తరగతిలో ఒక్కొక్కరే లేచి, అప్పుడే తట్టినట్టు ప్రశ్నలు అడిగారు. 'అప్పుడే తట్టినట్టు' ఎలా అడగాలో కూడా రెండు రోజులు నేర్పారు. ముందు పైకి చూడాలి, ఒక్క క్షణం ఆగాలి, తర్వాత నవ్వాలి. త్రివేణి లేచింది. పైకి చూసింది, ఆగింది, నవ్వింది. చెట్లు మాట్లాడగలిగితే మనుషులతో ఏం చెబుతాయో ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. టీమ్ చప్పట్లు కొట్టింది. ఒకాయన వీడియో తీశాడు. చంద్రశేఖర్ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

కోతులాట ఆడించేవాడి చేతిలో కర్ర ఎలా ఉంటుందో కుసుమ చేతిలో డస్టరు అలా ఉంది.

అప్పుడు మైత్రి లేచి, "చాలా బాగుంది. ఇప్పుడు ఏ తయారీ లేకుండా, ఇవాళ మీ మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటి, ఎవరైనా సరే అడగండి" అంది.

చంద్రశేఖర్ నవ్వు అలాగే బిగుసుకుంది. మూడో బెంచీలో త్రివేణి చెయ్యి సగం లేచింది. లేచి ఆగి, కుసుమ వైపు చూసింది.

కుసుమ తల అడ్డంగా ఊపింది. చాలా కొంచెం. ముఖం మీద వాలబోయే ఈగని తోలినంత.

త్రివేణి చెయ్యి దించేసింది.

"సిగ్గు పడుతున్నారు పాపం" అంది మైత్రి, ఫైల్లో ఏదో రాసుకుంటూ.

శుక్రవారం ట్యాంకు కడగలేదు. టీమ్ బాగా మెచ్చుకుందని చంద్రశేఖర్ స్టాఫ్‌కి స్వీట్లు పంచాడు. శనివారం పొద్దున్నే మూడో తరగతిలో ఆరుగురికి వాంతులు. అమ్మణ్ణి అనే చిన్నపిల్ల క్లాసులోనే సొమ్మసిల్లి పడిపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించారు. పిల్ల నాయనమ్మ సూరమ్మ గేటు దగ్గర నిలబడి గుండెలు బాదుకుంది. చుట్టుపక్కల ఇళ్ళ లైన్లలోంచి జనం వచ్చారు.

చంద్రశేఖర్ గేటు లోపల నిలబడి చేతులు జోడించి, "భోజనంలో ఏదో తేడా వచ్చింది. వంటామెని ఇప్పుడే ఆపేస్తున్నాను" అన్నాడు. కూరలు తరుగుతున్న పోలమ్మని అక్కడికక్కడే బయటికి పంపించేశారు.

ఆదివారం తొమ్మిదింటికి కుసుమ ఫోను మోగింది. త్రివేణి.

"మేడమ్, డాబా మీద మనుషులున్నారు. ట్యాంకు మూత తీశారు. మీరు రండి."

కుసుమ స్కూటీ మీద టెల్కో నుంచి బర్మామైన్స్‌కి వచ్చేసరికి పని అయిపోవస్తోంది. ఇద్దరు కూలీలు ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకుని గోనెసంచి ఒకటి మోసుకొస్తున్నారు. సంచి అడుగునుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. ఒక మూల చిరుగులోంచి పావురం రెక్క బయటికి వేలాడుతోంది. ఒకటి కాదు, మూడో నాలుగో ఉన్నాయట. వానలకి ముందే ట్యాంకు మూత విరిగి పడిపోయిందని ఒక కూలీ అన్నాడు. సంచిని పట్టాల గోడ అవతలికి విసిరేశారు. ఈగలు దాని వెంటే వెళ్ళాయి.

కుసుమ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"అయ్యో, మీరెందుకొచ్చారు మేడమ్ ఇక్కడికి?" చంద్రశేఖర్ వెనక నిలబడి ఉన్నాడు. "అంతా సర్దుకుంది. రేపు ఆరోగ్యశాఖ నుంచి డాక్టరు వస్తుంది. వచ్చేసరికి ట్యాంకు తళతళలాడిపోతుంది."

"మరి పోలమ్మ?"

"ఎవరో ఒకరి వల్ల జరిగిందని రాసుకోవాలి కదా వాళ్ళు."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు, అటెండెన్సు వేసినంత మామూలుగా. అంటూనే రుమాలుతో చెప్పుల మీది చుక్క తుడుచుకున్నాడు. కుసుమకి ఆ సంచి మీద కన్నా ఈ రుమాలు మీద ఎక్కువ రోత పుట్టింది. కానీ రోత పడటానికి తనకేం హక్కుంది? ఈ మనిషి చెప్పిన ప్రతి పనీ తన చేతులమీదుగానే జరిగింది.

స్కూలు వెనక లైన్లోనే పోలమ్మ ఇల్లు. భర్త పైడిబాబు గమ్హరియాలో కాంట్రాక్టు పనికి వెళ్ళాడు. పోలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. కుసుమని చూసి లేవబోయి మళ్ళీ కూలబడిపోయింది.

"నానేటి సేసినాను మేడమ్ గారూ? ఆ టాంకీ నీల్లు కంపు కొడతన్నాయనే కదా, బోరింగు నీల్లు కొట్టుకుని, మరగబెట్టి వండుతున్నాను! నా సేతులు సూడండి, సబ్బెట్టి కడిగీ కడిగీ ఎలాగ పొక్కిపోనాయో. ఈదిలోకెల్తే అందరూ నా మొకమే సూత్తన్నారు. పిల్లలకి ఇసం ఎట్టీసిందంటన్నారు. నా గుంటకి ఎట్టినదే కదా అందరికీ ఎట్టినాను!"

"నీ తప్పేం లేదు పోలమ్మా. రేపు డాక్టరుకి నేను చెప్తాను."

లోపల గోడకి ఆనుకుని నిలబడ్డ త్రివేణి అప్పుడు నోరు విప్పింది.

"ఆప్ బోలేంగీ?" మీరు చెబుతారా అని.

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ ప్రశ్న ముందు కుసుమకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"చెప్తాను. నువ్వూ రా. లెక్క నీది కదా."

సోమవారం హెడ్‌మాస్టరు గదిలో డాక్టరమ్మ, పక్కన బ్లాక్ ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన. వంటగదిలోంచి బియ్యం, పప్పు నమూనాలు అప్పటికే సీసాల్లోకి ఎత్తారు. కుసుమ అట్టముక్క, గుడ్డ ఉన్న సంచి టేబులు మీద పెట్టింది. త్రివేణి పక్కన నిలబడింది.

"ఇవి పిల్లల ఆటలు మేడమ్, ప్రాజెక్టు పని" అన్నాడు చంద్రశేఖర్ హిందీలో, డాక్టరమ్మ వైపు నవ్వుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు. అట్టముక్కని దగ్గరికి లాక్కుని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది నువ్వే చేశావా?"

"మా క్లాసు అందరం. గళ్ళు నేను గీశాను."

"భోజనం వల్ల కాదని ఎలా చెబుతున్నావు? మీ అమ్మ వంట చేస్తుందనా?"

త్రివేణి కాసేపు ఆలోచించింది. పైకి చూడలేదు, నవ్వలేదు.

"అమ్మ వండకపోయినా ఇదే చెబుతాను. మా క్లాసులో ముప్ఫై ఒక్కమందిమీ ఆ అన్నమే తిన్నాం. బాటిల్ నీళ్ళు తాగినవాళ్ళు పదకొండుమంది బాగానే ఉన్నారు. మూడో తరగతి పిల్లల్ని కూడా అడగండి. మీరడిగితే చెబుతారు."

"ఈ లెక్క ఎప్పుడు వేశారు?"

"పోయిన సోమవారం."

డాక్టరమ్మ కలం ఆగింది. "పిల్లలు పడిపోయింది శనివారం. ఐదు రోజుల ముందే నీకు తెలుసు. ఎవరికీ చెప్పలేదా?"

త్రివేణి జవాబు చెప్పలేదు. నేలకేసి చూస్తూ నిలబడింది. ఆ పిల్ల తన పేరు చెప్పకుండా తనని కాపాడుతోందని కుసుమకి అర్థమైంది. అదింకా భరించలేకపోయింది.

"నాకు చెప్పింది. నేను హెడ్‌మాస్టరు గారికి చెప్పాను. శుక్రవారం దాకా ఆగమన్నారు, ఆగాను. గురువారం టీమ్ ముందు ఈ పిల్ల అడగబోతే వద్దని తల ఊపింది నేనే. నిన్న ట్యాంకులోంచి చచ్చిన పావురాల్ని తీసి పట్టాల గోడ అవతల పారేశారు. ఇంకా అక్కడే ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు."

చంద్రశేఖర్ ముఖంలో కోపం కూడా లేదు. ఇంత తెలివితక్కువ మనిషిని ఇన్నేళ్ళు స్టాఫ్‌లో పెట్టుకున్నానా అన్నట్టు చూశాడు.

డాక్టరమ్మ లేచి వెళ్ళి గోడ అవతల చూసొచ్చింది. వారం తిరక్కుండా పోలమ్మని మళ్ళీ పనిలోకి పిలిచారు. అమ్మణ్ణి కోలుకుంది. ట్యాంకుకి కొత్త మూత వచ్చింది. చంద్రశేఖర్‌కి మందలింపు వచ్చింది, కాగితం మీద కాదు, నోటిమాటగా. రెండు నెలలకి ఆయన్ని అక్కణ్ణుంచి తీసి జిల్లాలో నయా సవాల్ కార్యక్రమం చూసుకునే పనిలో పెట్టారు. విషయం తెలిసి కూడా సకాలంలో పై అధికారులకి తెలియజేయలేదని కుసుమకి నోటీసొచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది.

నవంబరులో మైత్రి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ త్రివేణి కథ రాష్ట్రమంతా చెప్పుకుంటున్నారు! మా కార్యక్రమం వల్ల ఒక ఏడో తరగతి పిల్ల నీళ్ళ సమస్య కనిపెట్టింది. పుస్తకం వేస్తున్నాం. మూడువందల మాటల్లో మీరే రాసి పంపండి."

కుసుమ రాసింది. అప్పజెప్పించిన చెట్ల ప్రశ్న, కావాలని రాయించిన తప్పులు, సగం లేచిన చెయ్యి, ఊపిన తల, గోనెసంచి. మర్నాడే మైత్రి మళ్ళీ చేసింది.

"చాలా బాగా రాశారు మేడమ్. కానీ... ఆ తల ఊపిన భాగం తీసేద్దామా? కొంచెం పాజిటివ్‌గా ఉండాలి కదా."

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తుందమ్మా?"

మైత్రి గొంతు తగ్గించింది.

"నేను చూశాను మేడమ్ ఆ రోజు. మీరు తల ఊపడం."

కుసుమకి చేతిలో ఫోను చల్లగా అనిపించింది. "చూసి?"

"పిల్లలకి బిడియం ఎక్కువ అని రాశాను. ఆ నెలలో అది నా నలభయ్యో స్కూలు మేడమ్. అన్నిచోట్లా ఎవరో ఒకరు తల ఊపుతారు. అన్నీ రాస్తే కార్యక్రమమే ఉండదు."

"నేను మార్చను. నా పేరుతో వెయ్యొద్దు."

పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. పద్నాలుగో పేజీలో త్రివేణి ఫోటో, టీమ్ వచ్చినరోజు చెట్ల గురించి చెబుతూ నవ్వుతున్నప్పుడు తీసింది. కింద ఎవరో రాసిన కథ. అందులో హెడ్‌మాస్టరు ప్రోత్సాహంతో పిల్లలు ట్యాంకు శుభ్రం చేయించుకున్నారు. పోలమ్మ లేదు. అమ్మణ్ణి లేదు. పావురాలు అసలే లేవు. కుసుమ ఆ పేజీ రెండువైపులా చదివి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. పోలమ్మకి చదువు రాదు. కూతురి బొమ్మ వచ్చిందని మురిసిపోయి, పేజీ చింపి గోడకి అంటించుకుంది. త్రివేణి అటు చూడదట.

ఆ సంగతి పోలమ్మ నోటే విన్న రోజు కుసుమ ఏడో తరగతిలో పుస్తకం తెరవలేదు.

"ఆ గురువారం నేను చేసింది తప్పు. త్రివేణి అడగబోతే ఆపాను. మీచేత దొంగ ప్రశ్నలు రాయించాను. నన్ను క్షమించమని అడగడానికి మీరు చిన్నపిల్లలు, అయినా అడుగుతున్నాను."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"ఎందుకు ఆపారు మేడమ్?"

"భయపడి."

"ఎవరికి?"

ఆవిడ చెప్పబోయి తడుముకుంది. "నోటీసు ఇస్తారని."

"ఇచ్చారా?"

"ఇచ్చారు."

"తర్వాత ఏం చేశారు మిమ్మల్ని?"

"ఏమీ చెయ్యలేదు" అంది కుసుమ.

వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది, ఆ పక్కన మరొకటి. నోటీసు అంటే ఏంటని ఒకరు, పావురాలు లోపలికెళ్ళి మళ్ళీ బయటికెందుకు రాలేకపోయాయని ఒకరు, పుస్తకంలో అబద్ధం రాస్తే ఎవరికి చెప్పాలని ఒకరు. కుసుమ ఒక్కొక్కటీ బోర్డు మీద రాస్తూ పోయింది. జవాబులు తెలిసినవాటికి చెప్పింది, తెలియనివాటికి తెలియదంది.

మధ్యలో రెండుసార్లు మూడో బెంచీ వైపు చూసింది. త్రివేణి తల ఎత్తలేదు. నోట్సులో ఒక్కో పేజీ తిప్పుతూ, స్కేలు పెట్టి మార్జిన్లు గీసుకుంటోంది. బెల్లు కొట్టేదాకా గీస్తూనే ఉంది.